యూనిఫాం వేసుకున్న ఐదేళ్లకే మనిషి ఇట్లా ఎందుకు మొద్దుబారుతున్నాడు?

హనుమకొండ టీచర్

సభ్యులందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ పాఠశాలలో పని చేస్తున్నాను. నా తమ్ముడు కానిస్టేబుల్. 2018 నోటిఫికేషన్‌లో ఎంపికై, కరోనా రోజుల్లో శిక్షణ ముగించుకొని, ఉత్తర తెలంగాణలోని ఒక స్టేషన్‌లో చేరాడు. ఆ ఉద్యోగం కోసం రెండేళ్లపాటు తెల్లవారకముందే లేచి స్టేడియంలో పరుగు సాధన చేసి వచ్చేవాడు. మా అమ్మ వాడి కోసం రాత్రే రాగి జావ కాచి పెట్టేది. ఉద్యోగం వచ్చిన రోజు "మన వాడకట్టుల ఎవ్వరికి ఆపద వచ్చినా ఇగ మనింటికే వస్తరక్కా" అన్నాడు. ఆ మాటలో గర్వం కంటే బాధ్యతే నాకు ఎక్కువగా వినిపించింది.

మొన్న నిజంగానే వచ్చారు. మా వీధిలోని ఒక పెద్దామె మెడలోంచి పుస్తెలతాడు తెంపుకుపోతే, పోలీసు ఉన్న ఇల్లు కదా అని ఏడుస్తూ మా గడప తొక్కింది. వాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "కేసు పెడితే పెట్టు అవ్వా, తిరుగుడు తప్ప వచ్చేదేం లేదు" అన్నాడు. ఆమె వెళ్లిపోయాక నేను కోప్పడితే, "అందరు అబద్ధమే చెప్తరక్కా, మా సార్లతో సహా" అని అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఇప్పుడు వాడికి డిపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లే స్నేహితులు. వాళ్ల గురించి కూడా మంచిమాట చెప్పడు. బతుకమ్మకు రాకపోవడం డ్యూటీ వల్లనే అనుకున్నాను, కానీ సెలవు ఉన్న రోజున కూడా గది తలుపు వేసుకొని పడుకుంటున్నాడు.

వాడు తాగుబోతు కాడు, లంచం తీసుకున్నాడని కూడా నేను వినలేదు. మరి లోపల విరిగింది ఏమిటి? ఈ వేదికలో డిపార్ట్‌మెంట్‌లో పని చేసినవారు ఉన్నారని తెలిసి అడుగుతున్నాను.

నిర్వాహకులు

చర్చ ముఖ్యమైనది. ఎవరి అనుభవం వారు రాయవచ్చు గానీ, స్టేషన్ల పేర్లు, అధికారుల పేర్లు రాయవద్దని మనవి.

విశ్రాంత ఎస్సై

అమ్మా, మీ తమ్ముడి మాటలు చదువుతుంటే నాకు నా 30వ ఏడు గుర్తుకు వచ్చింది. నేను 1983లో కానిస్టేబుల్‌గా చేరి 2018లో ఎస్సైగా పదవీ విరమణ చేశాను. ఉద్యోగమంతా పాత వరంగల్, కరీంనగర్ జిల్లాలలోనే గడిచింది.

మా రోజుల్లో పోలీసు జనానికి దూరం కావడానికి కారణం భయం. నక్సలైట్ల కాలంలో స్టేషన్ చుట్టూ ఇసుక బస్తాలు, ముళ్లకంచె ఉండేవి. బస్సులో యూనిఫాంతో ప్రయాణించేవాళ్లం కాదు. అమ్మను చూడటానికి ఊరికి వెళితే చీకటి పడ్డాక చేరి, కోడి కూయకముందే బయలుదేరేవాడిని. మా పిల్లలు బడిలో "మా నాన్న ఆఫీసులో పని చేస్తాడు" అని చెప్పేవారు. ఇల్లు అద్దెకు ఇవ్వడానికి జనం జంకేవారు, వారిని తప్పు పట్టలేను. అయినా ఆ రోజుల్లో మాలో మాకు నమ్మకం ఉండేది. రాత్రి సెంట్రీ కాసేవాడి చేతిలో మిగిలిన పదిమంది ప్రాణాలు ఉండేవి కాబట్టి, వాడు నిద్రపోడని నమ్మి మేము నిద్రపోయేవాళ్లం. బయట ఎంత పరాయివాళ్లమైనా లోపల ఒక ఇల్లు ఉండేది.

ఆ ఇల్లు కూలింది తూటాలతో కాదు. హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు ఒక చిన్న రైతు పహాణీ నకలు పట్టుకొని స్టేషన్‌కు వచ్చాడు. తన పొలం గట్టు చెరిపి దున్నుకున్నారని ఫిర్యాదు. నేను వెళ్లి చూసి, ఇరుగుపొరుగు రైతులను అడిగి, ఉన్నది ఉన్నట్టు రాశాను. రెండు రోజులకు ఫైలు నా చేతిలోంచి పోయింది. వారానికి నన్ను హెడ్ క్వార్టర్స్‌కు అటాచ్ చేశారు. ఎనిమిది నెలలు పొద్దున సంతకం పెట్టి వేపచెట్టు కింద కూర్చోవడమే పని. శిక్ష అని కాగితం మీద ఎక్కడా ఉండదు, అందుకే దానికి అప్పీలు కూడా ఉండదు.

కానీ నన్ను ఎక్కువగా గుచ్చింది బదిలీ కాదు. నాకంటే పదేళ్లు పెద్దవాడు, నన్ను సొంత తమ్ముడిలా చూసుకున్న ఒక హెడ్ కానిస్టేబుల్ ఆ చెట్టు కిందికే టిఫిన్ తెచ్చి ఇచ్చి, "నీకెందుకు తమ్మీ? చెప్పింది చేస్తే పోయేదిగా" అన్నాడు. నన్ను కాపాడాలనే అన్నాడు, నా పిల్లలు గుర్తుకు వచ్చే అన్నాడు. తరువాత పదేళ్లకు నేను కూడా ఒక కొత్త కుర్రవాడి భుజం మీద చెయ్యి వేసి, అదే ప్రేమతో అదే మాట చెప్పాను. శిక్షణలో తొమ్మిది నెలలు నేర్పిన చట్టాన్ని స్టేషన్‌లో ఆ ఒక్క మాట తుడిచేస్తుంది. అది తిట్టులా వస్తే కుర్రవాడు ఎదిరించేవాడేమో. ఆప్యాయతలా వస్తుంది కాబట్టి నోరు మూసుకుంటాడు.

మీ తమ్ముడికి ఆ మాట ఎవరో చెప్పి ఉంటారు. ఏ కేసులో చెప్పారో మెల్లగా అడగండి.

సామాజిక శాస్త్ర అధ్యాపకుడు

ఎస్సై గారు తమ జీవితంలోంచి చెప్పినదానికి పరిశోధనల్లో కూడా ఆధారం కనిపిస్తుంది. న్యూయార్క్ నగర పోలీసు శాఖలో 20 ఏళ్లకు పైగా పని చేసి, తరువాత అధ్యాపకుడైన ఆర్థర్ నీడర్‌హాఫర్ 1967లో ఈ విషయంపైనే తన అధ్యయనాన్ని ప్రచురించాడు. కొత్తగా చేరినవారిలో మొదటి కొన్ని ఏళ్లలోనే విరక్తి వేగంగా పెరిగి, ఆ తరువాత ఒక స్థాయిలో నిలబడుతుందని ఆయన గమనించాడు. ఆయన రెండు రకాల అపనమ్మకాలను వేరు చేశాడు: ఒకటి జనం మీద, రెండవది సొంత శాఖ మీద. విరక్తిని కొలవడానికి ఆయన వాడిన కొలమానం ఒకే గుణాన్ని కొలవడం లేదని, అందులో అనేక వేర్వేరు భావాలు కలిసిపోయాయని తరువాతి పరిశోధకులు విమర్శించారు. ఆ విమర్శ సరైనదే. అయినా ఆ రెండింటినీ విడదీసి చూడటం మనకు ఇప్పటికీ ఉపయోగపడుతుంది.

మీ తమ్ముడు "అందరు అబద్ధమే చెప్తరు" అన్నంతవరకు అది మొదటి రకం. "మా సార్లతో సహా" అన్నది రెండవ రకం. దొంగలను, తాగి కొట్టుకునేవారిని, ఆస్తి కోసం ఒకరిపై ఒకరు తప్పుడు ఫిర్యాదులు ఇచ్చుకునే అన్నదమ్ములను రోజూ చూసేవాడికి మొదటిది కొంత రావడం సహజం; వైద్యులకు, న్యాయవాదులకు కూడా వస్తుంది. రెండవది అట్లా సహజంగా వచ్చేది కాదు. సంస్థ చెప్పేది ఒకటి, చేయించేది మరొకటి అయినప్పుడే అది పుడుతుంది. రెండవది బలపడ్డాక మొదటిదానికి అడ్డు ఉండదని నా అభిప్రాయం. తనకు ఇంటిలోనే న్యాయం జరగదని నమ్మినవాడు, గడప తొక్కిన పెద్దామెకు న్యాయం జరుగుతుందని ఏ నోటితో చెబుతాడు?

దీనికి అలసట తోడవుతుంది. కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు 2019లో వెలువరించిన పోలీసు స్థితిగతుల నివేదిక ప్రకారం మన దేశంలో పోలీసు సిబ్బంది సగటున రోజుకు 14 గంటలు పని చేస్తున్నారు. దాదాపు సగం మందికి వారపు సెలవే లేదు. దానికి ముందు 2014లో, హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఎనిమిది గంటల షిఫ్టుల కోసం చేసిన అధ్యయనంలో కూడా, స్టేషన్ సిబ్బందిలో నూటికి 90 మంది దాకా ఎనిమిది గంటలకు మించి పని చేస్తున్నట్టు తేలింది. నిద్ర లేని మనిషికి జాలి కూడా బరువే అవుతుంది.

జనగామ న్యాయవాది

పెద్దలు చెప్పిన ప్రతి మాటనూ గౌరవిస్తాను. అయితే ఈ చర్చలో ఇప్పటివరకు పుస్తెలతాడు పోగొట్టుకున్న ఆ పెద్దామె గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఆమెకు తరువాత ఏమైంది? ఎఫ్ఐఆర్ అయిందా?

నేను 17 ఏళ్లుగా కోర్టులో ఇట్లాంటి మనుషుల పక్షాన నిలబడుతున్నాను. భర్త కొడితే వచ్చిన ఆడపిల్లను మూడుసార్లు తిప్పి పంపి, నాలుగోసారి "రాజీ పడరాదమ్మా" అన్న స్టేషన్లు నాకు తెలుసు. కాగ్నిజబుల్ నేరం, అంటే వారంట్ లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం, జరిగినట్టు ఫిర్యాదులోనే కనిపిస్తుంటే ఎఫ్ఐఆర్ నమోదు చేయడం తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే తేల్చి చెప్పింది. అందులో పోలీసు మనసు విరిగి ఉంటే మినహాయింపు అని లేదు. పోలీసుకు విరక్తి కలిగితే గది తలుపు వేసుకుంటాడు. ఆ విరక్తికి బలి అయిన మనిషికి మూసుకోవడానికి తలుపు కూడా ఉండదు. కారణాలు వెతకండి, వద్దనను, కానీ వాటిని సాకులుగా మార్చకండి.

కాజీపేట వాసి

న్యాయవాది గారితో ఏకీభవిస్తున్నాను. నాకు స్టేషన్‌లో కనిపించింది విరక్తి కాదు, అధికార మదం. నా వయసు 62. నా కొడుకు వయసు కూడా లేని కానిస్టేబుల్ నన్ను "నువ్వు" అన్నాడు, కుర్చీ చూపించలేదు. పాస్‌పోర్టు విచారణ కోసం వెళ్లినవాడిని, నేరం చేసి వెళ్లలేదు.

మహిళా కానిస్టేబుల్ (రిసెప్షన్)

నేను ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి ఎక్కువ వివరాలు రాయలేను. కాజీపేట పెద్దాయనకు ముందుగా నా క్షమాపణ. ఆ కానిస్టేబుల్ నేను కాను, కానీ మీరు చెప్పినది జరుగుతుందని నాకు తెలుసు. అదే కుర్రవాడిని ఆ రోజు పొద్దున రోల్ కాల్‌లో పదిమంది ముందు ఏ మాటలతో పిలిచి ఉంటారో కూడా నాకు తెలుసు. పైనుంచి వచ్చిన "నువ్వు" కిందికి దిగుతూ చివరికి కౌంటర్ ముందు నిలబడినవారి మీద పడుతుంది. ఇది సమర్థన కాదు, నేను రోజూ చూస్తున్నది.

న్యాయవాది సార్, స్టేషన్‌కు వచ్చినవారికి మొదట కనిపించే ముఖం నాదే. వారి అరజీ తీసుకునేది నేనే, "సార్ రౌండ్స్‌కు పోయిండు, సాయంత్రం రండి" అని చెప్పేదీ నేనే. కేసు కట్టాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం నాది కాదు. నెలకోసారి జరిగే క్రైమ్ మీటింగులో నిరుటి కంటే దొంగతనాలు ఎందుకు పెరిగాయని అడుగుతారు. నిజాయతీగా అన్ని ఫిర్యాదులనూ నమోదు చేసిన స్టేషన్ అంకెల్లో చెడ్డదిగా కనిపిస్తుంది, తిప్పి పంపిన స్టేషన్ మంచిదిగా కనిపిస్తుంది. ఆ అంకెలు చదివేవారికి కూడా ఈ సంగతి తెలుసు. అందరికీ తెలిసిన అబద్ధాన్ని అందరూ గంభీరంగా చదివే గదిలోంచి మా సార్ బయటికి వచ్చి, నాతో "ఆ పిటిషన్ రెండు రోజులు ఆపమ్మా" అంటారు. మా సార్ చెడ్డవారు కారు.

మేడారం జాతర బందోబస్తుకు రెండుసార్లు వెళ్లాను. రాష్ట్రం నలుమూలల నుంచి వేలమంది పోలీసులం వస్తాం. అడవిలో చలికి వణుకుతూ, కాళ్లు వాచి నిలబడ్డాను. మరుగుదొడ్డి దూరమని మేము, ఆడవాళ్లం, నీళ్లు తాగడమే మానేసేవాళ్లం. అయినా చెబుతున్నాను, నా ఉద్యోగంలో నాకు తృప్తి కలిగిన రోజులు అవే. తప్పిపోయిన పాపను తల్లికి అప్పగించినప్పుడు ఆ తల్లి తన ఒడిలోని బంగారం ముక్కను, అంటే బెల్లాన్ని, విరిచి నా నోట్లో పెట్టింది. కష్టం మనిషిని మొద్దుబార్చదు. చేసిన కష్టానికి అర్థం లేదని తెలిసినప్పుడే ఆ పని జరుగుతుంది.

నాలుగో ఏట ఒక రోజు నాకు ఒక సంగతి తట్టింది. పొద్దటి నుంచి 11 మంది వచ్చి వెళ్లారు, ఒక్కరి ముఖం కూడా నాకు గుర్తు లేదు. వారి చేతుల్లోని కాగితాలే గుర్తున్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బెటాలియన్ ఇల్లాలు

నా భర్త స్పెషల్ పోలీస్‌లో ఉన్నారు. సివిల్ వాళ్లకు స్టేషన్ అయినా ఉంది, మా వాళ్లకు బస్తా సర్దుకోవడమే ఉంది. ఎన్నికలంటే ఒక రాష్ట్రం, ధర్నా అంటే ఒక జిల్లా. మా చిన్నవాడు నాన్నను వీడియో కాల్‌లో గుర్తుపడతాడు, గడపలో నిలబడితే బెదురుతాడు.

2024 అక్టోబర్‌లో సెలవుల పద్ధతి మార్చినప్పుడు, "ఏక్ పోలీస్" విధానం, అంటే పోలీసులందరికీ ఒకే వ్యవస్థ, కావాలని బెటాలియన్ల దగ్గర కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డు మీదికి వచ్చారు. వరంగల్, నిజామాబాద్, సిరిసిల్ల వైపు కూడా వచ్చారు. భర్తలు యూనియన్ పెట్టుకోకూడదు, నోరు తెరవకూడదు కాబట్టి భార్యలు తెరిచారు. ఆ తరువాత సిబ్బంది కూడా ఆందోళనకు దిగారని 39 మందిని సస్పెండ్ చేశారు, 10 మందిని ఉద్యోగం నుంచి తీసేశారు. క్రమశిక్షణ ఉండాలనే నేనూ అంటాను. అయితే ఆ వారంలో నా భర్త ఫోన్ చేసి "ఎవ్వరితోని ఏం మాట్లాడకు" అన్నారు. అప్పటి నుంచి నాతో కూడా తన డ్యూటీ గురించి ఏమీ మాట్లాడరు. టీచరమ్మా, మీ తమ్ముడు వేసుకున్న తలుపు మా ఇంటిలోనూ ఉంది.

జనగామ న్యాయవాది

రిసెప్షన్‌లో పని చేసే సోదరి రాసినది రెండుసార్లు చదివాను. నేను ఇన్నేళ్లుగా కౌంటర్ ఇవతల నిలబడి, అవతలివారి చేతిలో అధికారం ఉందనే అనుకున్నాను. అంకెల గురించి ఆమె చెప్పినదాన్ని ఒప్పుకుంటున్నాను. కేసులు పెరిగాయని ఎస్‌హెచ్‌ఓను, అంటే స్టేషన్ బాధ్యుడైన అధికారిని, నిలదీసినంతకాలం లలితా కుమారి తీర్పు గోడ మీది పటంగానే ఉంటుంది.

అయినా నా మాటను పూర్తిగా వెనక్కి తీసుకోను. ఆ పెద్దామె కోసం ఒక దారి చెబుతాను. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ విధాన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నోటిమాటగా చెప్పినా పోలీసులు రాసుకోవాలి, ఎఫ్ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. నమోదు చేయకపోతే అదే సెక్షన్ కింద ఎస్పీకి, కమిషనరేట్‌లో అయితే ఆ స్థాయి అధికారికి రాతపూర్వకంగా పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. టీచరమ్మా, ఆమెను మీరే వెంట తీసుకెళ్లండి. వీలైతే మీ తమ్ముడిని కూడా రమ్మనండి, పోలీసుగా కాదు, ఆమె పక్కింటి పిల్లవాడిగా.

విశ్రాంత ఎస్సై

న్యాయవాది గారూ, మీరు మొదట కోపంగా రాసినప్పుడే నేను మనసులో ఒప్పుకున్నాను. మేము మోసుకున్న బాధకు వడ్డీ కట్టింది జనమే.

కొందరు మందు ఏమిటని నాకు విడిగా రాశారు. పెద్ద మందు 2006లోనే సుప్రీంకోర్టు ప్రకాశ్ సింగ్ కేసులో రాసి ఇచ్చింది. ఎస్‌హెచ్‌ఓకు, ఎస్పీకి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని, బదిలీలను పోలీసు అధికారులతో కూడిన ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు చూడాలని, నేర పరిశోధనను శాంతిభద్రతల విధుల నుంచి వేరు చేయాలని, పోలీసులపై ఫిర్యాదులు వినడానికి ప్రత్యేక సంస్థ ఉండాలని ఆదేశించింది. దేశంలో ఏ రాష్ట్రం కూడా వాటిని ఆ తీర్పు స్ఫూర్తితో పూర్తిగా అమలు చేయలేదు. పోస్టింగ్ పైరవీతో వచ్చినంతకాలం, పోతుందన్న భయంతోనే కుర్చీలో కూర్చుంటారు. భయపడే అధికారి కింద పని చేసే కానిస్టేబుల్‌కు ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

చిన్న మందు నేను చూశాను. 1990ల చివర మాకు ఒక సీఐ ఉండేవారు. రాత్రి బీట్ ముగిసిన తరువాత స్టేషన్ వెనుక బల్ల మీద మాతో కూర్చొని టీ తాగుతూ "ఇయ్యాల ఏం చూసినవ్?" అని ఒక్కొక్కరినీ అడిగేవారు. ఏం పట్టుకున్నావు అని కాదు, ఏం చూశావు అని. మేము చెప్పింది వినేవారు, నచ్చని మాట చెప్పినా మరునాడు మెమో వచ్చేది కాదు. ఆయన ఉన్న రెండేళ్లూ మా స్టేషన్‌లో "నీకెందుకు" అన్న మాట నేను వినలేదు. ఆయన వెళ్లిన మూడు నెలలకే మళ్లీ విన్నాను. ఒక మంచి మనిషి మీద ఆధారపడినది ఆ మనిషితోనే పోతుంది. అందుకే చిన్న మందు చాలదని అంటున్నాను.

హనుమకొండ టీచర్

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. నిన్న ఆదివారం తమ్ముడికి అనుకోకుండా సెలవు దొరికింది. ఈ చర్చ మొత్తాన్ని వాడికి చదివి వినిపించాను. న్యాయవాది గారి మొదటి సందేశం దగ్గర ముఖం తిప్పుకున్నాడు. రిసెప్షన్‌లో పని చేసే చెల్లెలు 11 మంది గురించి రాసిన చోట లేచి వెరండాలోకి పోయాడు.

రాత్రి తనే చెప్పాడు. రెండేళ్ల కింద ఒక రోడ్డు ప్రమాదంలో చనిపోయిన కూలి మనిషి పంచనామా దగ్గర వాడే ఉన్నాడట. గుద్దిన బండి నంబరును వాడే చూసి రాసుకున్నాడు. కాగితంలో మాత్రం "గుర్తు తెలియని వాహనం" అని వచ్చింది. అడిగితే వాళ్ల హెడ్ కానిస్టేబుల్ అన్న మాట అక్షరాలా ఎస్సై గారు రాసినదే, "నీకెందుకు తమ్మీ". ఆ నంబరు రాసుకున్న చీటీ ఇంకా వాడి పర్సులో ఉంది. నాకు చూపించి మళ్లీ పర్సులో పెట్టుకున్నాడు. దాన్ని ఏం చేయాలో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

పెద్దామెను ఈ రోజు పొద్దున నేనే స్టేషన్‌కు తీసుకెళ్లాను. వాడు రాలేదు. కానీ అరజీలో ఏ వివరాలు ఉండాలో నిన్న రాత్రి ఆమె ఇంటికి వెళ్లి అడిగి, తన చేతిరాతతో రాసి ఇచ్చాడు. తాడు ఎన్ని తులాలు, పుస్తెలు ఏ షాపులో చేయించారు, బండి ఎటు వైపు పోయింది, అన్నీ అడిగాడు. రసీదు ఇచ్చారు, ఎఫ్ఐఆర్ ఇంకా కాలేదు.

ఎస్సై గారూ, మీరు ఏ బ్యాచ్ అని వాడు రెండుసార్లు అడిగాడు. మీతో ఒకసారి మాట్లాడించగలరా?

విశ్రాంత ఎస్సై

1983 బ్యాచ్ అని చెప్పండి తల్లీ. ఆ చీటీని పారేయవద్దని కూడా చెప్పండి. దాని గురించి న్యాయవాది గారితో కలిసి మాట్లాడదాం. మీ తమ్ముడికి మళ్లీ సెలవు ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి నేనే వస్తాను. నైట్ డ్యూటీ దిగే రోజు ఏదో చెప్పమనండి. పొద్దున ఆరింటికి స్టేషన్ ఎదుట టీ కొట్టు దగ్గర ఉంటాను.